‘తెలియదు’కి కూడా ఒక గడి ఉండాలి

కూచిపూడి సెంటర్లో పొద్దున్న ఏడున్నర. టిఫిన్ బండి దగ్గర నాలుగిడ్లీ, ఓ ప్లేటు గారెలు తిన్నాను. అరవై రూపాయలు. క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టాను. తెర మీద గుండ్రం తిరగడం మొదలైంది. తిరుగుతూనే ఉంది. ఈలోగా ‘మీ ఖాతాలోంచి 60 రూపాయలు తగ్గాయి’ అని బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చేసింది. బండి మీదున్న సౌండ్‌బాక్స్ మాత్రం ఉలకదు, పలకదు. యాప్‌లో చూస్తే అటు పచ్చా కాదు, ఇటు ఎర్రా కాదు. ‘పెండింగ్’.

“నాకు పడలేదు బాబూ” అంది బండి అక్క.

“నా దగ్గర పోయాయక్కా, ఇదిగో” అని మెసేజ్ చూపించాను.

వెనక నిలబడ్డ కాలేజీ కుర్రాడు సలహా ఇచ్చాడు. “ఇంకోసారి కొట్టెయ్యండి సార్, అదే సెట్ అవుద్ది.”

“వద్దులే” అంది అక్క. “రెండుసార్లు పడితే మళ్ళీ నేను తిరిగి పంపాలి. కాసేపు చూద్దాం.” బండి కింద నుంచి ఓ పొడుగాటి పుస్తకం తీసింది. అందులో ప్రతి పేజీకీ మూడు గళ్ళు గీసి ఉన్నాయి. వచ్చినవి, అప్పు, చూడాలి. నా అరవై రూపాయలు మూడో గడిలోకి వెళ్ళాయి.

ఈ వారం ముచ్చట ఆ మూడో గడి గురించే. ఎందుకంటే కంప్యూటర్ సైన్స్‌లో పెద్ద పెద్దవాళ్ళు యాభై ఏళ్ళుగా కుస్తీ పడుతున్న ఒక సమస్యకి అక్క తన పుస్తకంలో చోటిచ్చింది.

ఎవరు అబద్ధం చెబుతున్నట్టు?

ముందు ఈ చిన్న లెక్క తేలాలి. నా బ్యాంకేమో డబ్బు పోయిందంటోంది. అక్క సౌండ్‌బాక్సేమో రాలేదంటోంది. యాప్ ఏమీ తేల్చట్లేదు. ముగ్గురిలో అబద్ధం చెబుతున్నది ఎవరు?

ఎవరూ కాదు. ఎవరికి తెలిసింది వాళ్ళు చెబుతున్నారు.

యూపీఐలో మీరు పిన్ కొట్టాక జరిగేది ఇదీ. యాప్ వెనకున్న బ్యాంకు మీ కోరికని ఎన్‌పీసీఐకి పంపుతుంది. అది మీ బ్యాంకుకి ‘అరవై తియ్యి’ అని కబురు పెడుతుంది. మీ బ్యాంకు తీసి, ‘తీశాను’ అని జవాబిస్తుంది. అప్పుడు అవతలి బ్యాంకుకి ‘అరవై వెయ్యి’ అని ఇంకో కబురు. అది వేసి, ‘వేశాను’ అనాలి. ఆ తర్వాతే మీ తెర మీద పచ్చ టిక్కు.

ఇక్కడ అసలు సంగతి ఏంటంటే, వీళ్ళలో ఎవరూ ఫోన్ పట్టుకుని లైన్లో ఉండరు. ‘నీ కబురు ముట్టింది’ అని వెంటనే ఓ ముక్క చెప్పి పెట్టేస్తారు. అసలు జవాబు తర్వాత, విడిగా, వీలైనప్పుడు వస్తుంది. ఫోన్ కాల్‌లా కాదు, ఉత్తరాల్లా. దీన్నే ఎసింక్రనస్ మెసేజ్ పాసింగ్ అంటారు. కోట్ల మంది ఒకేసారి వాడే వ్యవస్థ వేరేలా నడవడం కష్టం. ప్రతివాడూ జవాబొచ్చేదాకా లైన్ పట్టుకుని కూర్చుంటే, ఒక్క బ్యాంకు సర్వర్ మందగించినా వెనకున్న క్యూ అంతా ఆగిపోతుంది.

ఉత్తరాల్లో ఉన్న సుఖం అది. కష్టం కూడా అక్కడే ఉంది. జవాబు రాకపోతే ఏమనుకోవాలి?

సత్యభామ చిక్కు

కూచిపూడిలో కూర్చుని ఈ ప్రశ్న అడిగితే జవాబు కోసం దూరం వెళ్ళక్కర్లేదు. సిద్ధేంద్రయోగి భామాకలాపం ఉంది కదా. అలిగి, విరహంతో వేగిపోయిన సత్యభామ కృష్ణుడికి ఉత్తరం రాసి మాధవి చేతికిస్తుంది. మాధవి వెళ్తుంది. భామ ఎదురుచూస్తుంది.

కాసేపు మీరే సత్యభామ అనుకోండి. జవాబు రాలేదు. ఎందుకు? మాధవి ఇంకా దారిలోనే ఉండొచ్చు. ఉత్తరం ఎక్కడో జారిపోయి ఉండొచ్చు. కృష్ణుడికి అంది కూడా ఆయన తీరిగ్గా ఉండొచ్చు. లేదా ఆయన జవాబు రాసేశాడు, అదే దారిలో పోయి ఉండొచ్చు. నాలుగూ వేరు వేరు సంగతులే. కానీ భామ కూర్చున్న చోటి నుంచి చూస్తే నాలుగూ ఒక్కలాగే ఉంటాయి. వాకిట్లో ఎవరూ లేరు, అంతే.

అయితే రంగస్థలం మీద భామకి ఒక అదృష్టం ఉంది. సంప్రదాయ ప్రదర్శనలో మాధవి పాత్రని మామూలుగా సూత్రధారుడే పోషిస్తాడు. కథంతా తెలిసినవాడే కబురు మోస్తాడు కాబట్టి ఉత్తరం దారిలో పోయే ప్రశ్నే లేదు. ఒకవేళ పోయినా, ముందు కూర్చున్న మనకి తెలిసిపోతుంది.

నెట్‌వర్క్‌లో ఆ భోగం లేదు. అక్కడ సూత్రధారుడు లేడు, ప్రేక్షకుడు లేడు. ఉన్నవాళ్ళందరూ సత్యభామలే. ఒక్కొక్కరూ ఒక్కో గదిలో, తమ గుమ్మం ముందుకొచ్చిన ఉత్తరాలు మాత్రమే చూస్తూ.

ఏకనాథం గారి దొంగలు

‘అందింది అని ఓ కబురు పెట్టించుకుంటే పోలా?’ అంటారు మీరు. సరే, ఆ ‘అందింది’ అన్న కబురు అందిందా? దానికి ఇంకో ‘అందింది’ కావాలా?

1975లో ముగ్గురు పరిశోధకులు కలిసి నెట్‌వర్క్ కబుర్ల మీద ఒక పేపర్ రాశారు. అక్కోయున్లు, ఏకనాథం, హ్యూబర్. మధ్య పేరు చూడగానే మన చెవి నిక్కబొడుచుకుంటుంది కదా. అందులో వాళ్ళు చెప్పిన ఉదాహరణ ఒక దొంగల ముఠాది. ముఠా రెండుగా విడిపోయి ఉంది. ఇద్దరూ ఒకే సమయానికి దిగితేనే పని అవుతుంది. ఒక్కళ్ళే దిగితే చిక్కిపోతారు. మధ్యలో కబురు మోసేవాడు దారిలో దొరికిపోవచ్చు. అలాంటప్పుడు ఇద్దరికీ నూటికి నూరు పాళ్ళు నమ్మకం కుదిరేలా ఎన్ని కబుర్లు పంపుకోవాలి?

ఎన్ని పంపినా కుదరదు. ఎందుకో చూడండి. ఏదో ఒక పద్ధతిలో, ఎన్నో కొన్ని కబుర్లతో పని కుదిరిందనుకుందాం. ఆ వరసలో చిట్టచివరి కబురు పంపినవాడికి అది అందిందో లేదో తెలియదు. తెలియకపోయినా వాడు దిగాల్సిందే. వాడు దిగుతున్నాడంటే, ఆ కబురు అందకపోయినా రెండోవాడూ దిగాలి. అంటే ఆ చివరి కబురు ఉన్నా లేకపోయినా ఒకటే. తీసెయ్యండి. ఇప్పుడు దాని ముందుది చివరిదయింది. దానికీ ఇదే మాట. అలా ఒక్కొక్కటీ తీసుకుంటూ పోతే, ఒక్క కబురు కూడా లేకుండా ఇద్దరూ ఒప్పందానికి రావాలి. అది జరిగే పని కాదు.

1978లో జిమ్ గ్రే దీన్ని ఇద్దరు సేనాపతుల కథగా చెప్పాడు. ఆ పేరే నిలబడిపోయింది. 1985లో ఫిషర్, లించ్, పాటర్సన్ ఇంకో అడుగు ముందుకేశారు. కబుర్లు పోకపోయినా సరే, ఎంత ఆలస్యమవుతాయో హద్దు లేకపోయి, ఒక్క మెషీన్ ఆగిపోయే వీలున్నా చాలు, అందరూ కచ్చితంగా ఒక మాట మీదికి వచ్చి తీరతారని హామీ ఇచ్చే పద్ధతి ఉండదని నిరూపించారు. ఆగిపోయినవాడికీ, నిదానంగా ఉన్నవాడికీ తేడా చెప్పలేకపోవడమే అక్కడ చిక్కు.

కాబట్టి, ‘ఇంత పెద్ద టెక్నాలజీ ఉండి అరవై రూపాయల సంగతి వెంటనే తేల్చలేరా?’ అన్న కోపానికి సమాధానం ఇదీ. కొన్నిసార్లు తేల్చలేరు. ఎవరో బద్ధకించి కాదు, ఆ వీలు లేదని లెక్క కట్టి చూపించారు.

ఆరడుగుల్లో డబ్బు పుట్టింది

మరి బ్యాంకులు ఎలా నడుస్తున్నాయి? కచ్చితంగా తెలుసుకోవడం కుదరనప్పుడు, తెలియకపోయినా తప్పు జరగకుండా చూసుకోవాలి. దానికి ముందుగా కూర్చుని రెండు రకాల మాటలు రాసుకోవాలి. ఎన్నటికీ జరగకూడనివి కొన్ని, ఎప్పటికైనా జరిగి తీరాల్సినవి కొన్ని. మన అరవై రూపాయల విషయంలో, ‘ఇద్దరి దగ్గరా ఒకేసారి ఉండకూడదు’ అనేది మొదటి రకం. ‘చివరికి అక్కకైనా చేరాలి, నాకైనా తిరిగి రావాలి’ అనేది రెండో రకం.

ఇప్పుడు ఓ కుర్ర ఇంజనీరు రాసిన పద్ధతి చూద్దాం. ఇది ఉదాహరణకి నేను అల్లినది, ఏ బ్యాంకుదీ కాదు. ‘అవతలి బ్యాంకు నుంచి 30 సెకన్లలో జవాబు రాకపోతే ఫెయిలైనట్టు లెక్క. డబ్బు తిరిగి వేసెయ్యి.’ వినడానికి బాగానే ఉంది. అడుగడుగునా నడిచి చూడండి.

ఒకటి, నా బ్యాంకు అరవై తీసింది. రెండు, మధ్యవాడు అక్క బ్యాంకుకి ‘అరవై వెయ్యి’ అని కబురు పంపాడు. మూడు, ఆ కబురు దారిలో చిక్కుకుంది, 30 సెకన్లు దాటిపోయాయి. నాలుగు, మధ్యవాడు నా బ్యాంకుకి ‘తిరిగి వేసెయ్యి’ అన్నాడు. అయిదు, నా డబ్బు నాకొచ్చింది. ఆరు, దారిలో చిక్కుకున్న పాత కబురు ఇప్పుడు తీరిగ్గా అక్క బ్యాంకుకి చేరింది. అక్క ఖాతాలో అరవై పడ్డాయి.

ఇడ్లీ తిన్నాను, డబ్బు నా దగ్గరే ఉంది, అక్క దగ్గరా ఉంది. నష్టం బ్యాంకుది. పోనీ పద్ధతిని తిరగేసి, ‘జవాబు రాకపోతే అయినట్టే లెక్క’ అనుకుంటే? కబురు నిజంగానే పోయిన రోజున నష్టం అక్కది.

ఆఫీసులో టెస్ట్ చేస్తే ఈ తప్పు దొరకడం కష్టం. అక్కడ నెట్ బాగుంటుంది, కబుర్లు పంపిన వరసలోనే చేరిపోతాయి. దారిలో 5 కబుర్లుంటే అవి చేరే వరసలు 120. అవే 10 కబుర్లయితే 36,28,800. ఇవన్నీ మనిషి కూర్చుని ఊహించలేడు.

కాగితం మీద సూత్రధారి

ఇక్కడే ఫార్మల్ మెథడ్స్ అనేవి రంగప్రవేశం చేస్తాయి. పేరు చూసి బెదిరిపోకండి. కోడ్ రాయకముందు, వ్యవస్థ ఎలా నడవాలో అర్థం రెండు రకాలుగా తీసే వీలు లేకుండా గణితంలో రాసుకోవడం, దాన్ని మెషీన్ చేత తనిఖీ చేయించడం. అంతే.

ఇందులో బాగా పేరున్నది టీఎల్ఏ ప్లస్. దీని కర్త లెస్లీ లాంపోర్ట్. వేరు వేరు మెషీన్ల మధ్య ఏది ముందు జరిగింది, ఏది తర్వాత అన్న ప్రశ్న మీద 1978లో ఆయన రాసిన పేపర్ ఈ రంగానికి పునాదుల్లో ఒకటి. 2013 సంవత్సరానికి ట్యూరింగ్ అవార్డు అందుకున్నాడు.

టీఎల్ఏ ప్లస్‌లో రాసేది ప్రోగ్రామ్ కాదు. ‘ఇప్పుడు ఇలా ఉంటే, తర్వాత ఇలా కావచ్చు’ అనే వాక్యాలు. ఒక పేరు రాస్తే ‘ఇప్పటి విలువ’, దాని నెత్తిన చిన్న గీత పెడితే ‘తర్వాతి విలువ’. మన కథకైతే నాలుగు విషయాలు రాసుకుంటే సరిపోతుంది. నా బ్యాంకు ఏ స్థితిలో ఉంది, అక్క బ్యాంకు ఏ స్థితిలో ఉంది, మధ్యవాడు ఏ స్థితిలో ఉన్నాడు, ఇక నాలుగోది ఒక సంచి. దారిలో ఉన్న కబుర్లన్నీ ఆ సంచిలో ఉంటాయి.

ఆ సంచిలో ఒక చమత్కారం ఉంది. కబురు పంపడమంటే సంచిలో వెయ్యడం. అందడమంటే సంచిలో ఉన్నదాన్ని చూసి పని చెయ్యడం. ఏది ముందు చూడాలో నియమం లేదు కాబట్టి వరస తారుమారు కావడం దానంతట అదే వచ్చేసింది. కబురు పోవడం గురించి విడిగా ఏమీ రాయక్కర్లేదు, ఎవరూ ఎన్నటికీ చూడకపోతే పోయినట్టే. చూశాక కూడా సంచిలోనే ఉండనిస్తే, అదే కబురు రెండోసారి వచ్చినట్టు. ఆలస్యం, తారుమారు, పోవడం, రెండుసార్లు రావడం అనే నాలుగు తలనొప్పులూ ఒక్క సంచిలో ఇమిడిపోయాయి.

ఇది రాసి మోడల్ చెకర్ అనే ప్రోగ్రామ్‌కి ఇస్తే, అది సంచిలోంచి ఏ ఏ వరసల్లో తియ్యొచ్చో ఓపిగ్గా అన్నీ తిరిగి చూస్తుంది. ఎక్కడైనా ‘ఇద్దరి దగ్గరా డబ్బు’ అనే పరిస్థితి వస్తే, అక్కడికి చేరిన దారిని అడుగడుగునా మీ ముందు పెడుతుంది. పైన నేను చెప్పిన ఆరడుగులు అలాంటివే. నెట్‌వర్క్‌లో లేని సూత్రధారుణ్ణి మనం కాగితం మీద సృష్టించుకున్నామన్నమాట. అన్ని గదుల్లోకీ ఒకేసారి చూడగలిగేవాణ్ణి.

ఆరడుగులైతే మనమే పట్టేశాం. అమెజాన్ ఇంజనీర్లు 2015లో రాసిన వ్యాసంలో, డైనమోడీబీ అనే తమ డేటాబేస్‌లో టీఎల్ఏ ప్లస్ పట్టుకున్న ఒక తప్పు గురించి చెప్పారు. అది బయటపడాలంటే తక్కువలో తక్కువ 35 అడుగులు వరసగా పడాలి. డిజైన్ సమీక్షలు, కోడ్ సమీక్షలు, టెస్టులు అన్నీ దాటుకుని వచ్చేసిన తప్పు అది. మన పక్క బెంగళూరు మైక్రోసాఫ్ట్ పరిశోధకులకి కూడా ఇలాంటి పనిలో చెయ్యుంది. ఒకదానికొకటి కబుర్లు పంపుకునే యంత్రాలుగా ప్రోగ్రామ్ రాసి, వరసలన్నీ తనిఖీ చేసుకునే ‘పీ’ అనే భాషని 2013లో బయటపెట్టిన బృందంలో వాళ్ళూ ఉన్నారు. విండోస్ 8లో యూఎస్‌బీ డ్రైవర్‌కి దాన్ని వాడారు.

అలాగని ఇది మంత్రదండం కాదు. తనిఖీ అయ్యేది మనం రాసిన నమూనా. దాన్ని చూసి రాసిన కోడ్‌లో తప్పులుండొచ్చు. మనం ఊహించని సంగతి ఏదైనా జరిగితే నమూనాకి దాని ఊసే తెలియదు. అయినా, ఏం జరగకూడదో ముందే ఒక కాగితం మీద పెట్టాల్సి రావడం వల్ల సగం తప్పులు అక్కడే బయటపడతాయి. ఇల్లు కట్టేముందు ప్లాన్ గీయించడం లాంటిదే ఇదీ.

పెండింగ్ అంటే నిజాయితీ

సరే, మన కుర్ర ఇంజనీరు పద్ధతిని ఎలా బాగుచెయ్యాలి? ముందు మధ్యవాడి స్థితుల్లో ‘అయింది’, ‘కాలేదు’ పక్కన మూడోది చేర్చాలి. ‘తెలియదు’. గడువు దాటితే ‘కాలేదు’లోకి దూకకూడదు, ‘తెలియదు’లోకి వెళ్ళాలి.

ఆ గదిలో ఉన్నప్పుడు ఏం చెయ్యొచ్చు? డబ్బు తిరిగి ఇవ్వకూడదు. అక్క బ్యాంకునే అడగాలి. ‘ఫలానా నంబరు లావాదేవీ తాలూకు అరవై వేశావా? వేస్తే చెప్పు. వెయ్యకపోతే ఇక వెయ్యకు, ఆ నంబరు రద్దయిందని రాసుకుని నాకు చెప్పు.’ ఈ జవాబు వచ్చాకే నా డబ్బు నాకు. ఇప్పుడు పాత కబురు ఎప్పుడు నిద్ర లేచినా అక్క బ్యాంకు పుస్తకం చూసి, ‘ఈ నంబరు రద్దయింది’ అని పక్కన పడేస్తుంది. అడిగిన కబురే పోతే? అదే నంబరుతో మళ్ళీ అడగాలి. ఒకసారి అడిగినా, వందసార్లు అడిగినా జవాబు ఒకటే రావాలి. అందుకే యూపీఐలో ప్రతి లావాదేవీకీ దానిదే అయిన ఒక నంబరు ఉంటుంది. సంగతేమైందని అడగడానికి విడిగా ఒక కబురూ ఉంది.

రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20న ఇచ్చిన సర్క్యులర్ చూసినా ఈ తర్కమే కనబడుతుంది నాకు. మనిషి నుంచి మనిషికి పంపిన యూపీఐ డబ్బు మీ ఖాతాలో తగ్గి అవతల పడకపోతే, తర్వాతి రోజు లోపు వెనక్కి పంపాల్సింది అందుకునే బ్యాంకు. పడిందో లేదో కచ్చితంగా తెలిసినవాడు వాడొక్కడే కదా మరి. దుకాణాలకి కట్టినదైతే గడువు 5 రోజులు. గడువు దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలి. మీరు అడక్కపోయినా సరే. గుర్తుపెట్టుకోండి, ఇది మీ హక్కు.

ఇక ఆ కాలేజీ కుర్రాడి సలహా. మెషీన్ మళ్ళీ అడిగితే పాత నంబరుతోనే అడుగుతుంది, కాబట్టి ప్రమాదం లేదు. మీరు మళ్ళీ పిన్ కొడితే అది కొత్త నంబరు. వ్యవస్థ దృష్టిలో అది పాతదాని రెండో ప్రయత్నం కాదు, ఇంకో నాలుగిడ్లీ, ఇంకో ప్లేటు గారెలు. పెండింగ్ అని కనబడితే చెయ్యి కట్టుకుని కూర్చోవడమే తెలివైన పని. తప్పదంటే నోటు తీసివ్వండి, లావాదేవీ నంబరు మాత్రం దాచుకోండి.

సాయంత్రం అటే వస్తూ బండి దగ్గర ఆగాను. “పదింటికే పడ్డాయి బాబూ” అంది అక్క. పుస్తకం తెరిచి, ‘చూడాలి’ గడిలో నా అరవై మీద ఓ గీత కొట్టి, పక్కన ‘వచ్చినవి’లో రాసింది.

“పడకపోతే ఏం చేసేదానివక్కా?” అన్నాను.

“ఏముంది, రేపు కూడా చూసేదాన్ని” అంది, టీ గ్లాసు చేతికిస్తూ.

ఈసారి పది నోటే ఇచ్చాను.